చిత్తుబొమ్మల విలువ

గుడికి పోయినవారి చూపు గోపుర కలశము మీద నిలుచును. దాని క్రింద భూమిలో ఎన్ని వరుసల రాయి దాగియున్నదో ఎవరును అడుగరు. చిత్రమును చూచువారి తీరును ఇంచుమించు ఇట్టిదే. చట్రములో బిగించి గోడకు తగిలించిన పటము నెదుట నిలిచి, "ఆహా! ఎంత చక్కగా చిత్రించినాడు!" అని మెచ్చుకొందురు. మరికొందరు, "ఆ చేతిలో ఏదియో మహిమ యున్నది. అది పుట్టుకతో రావలసినదే కాని నేర్చుకొన్న వచ్చునది కాదు" అని తీర్మానింతురు. ఆ పటము వెనుక ఎన్ని కాగితములు నలిగినవో, ఎన్ని గీతలు చెరిగినవో, ఒక్క చేతివంపు కుదురుటకు ఆ చిత్రకారుడు ఎన్ని దినములు శ్రమపడెనో తలచువారు అరుదు.

ఈ అభిప్రాయము వలన రెండు కీడులు కలుగుచున్నవి. బొమ్మలు వేయవలెనని ఆసక్తి గల బాలుడొకడు తన మొదటి బొమ్మ వంకరగా వచ్చుట చూచి, తనకు ఆ వరము లేదని కుంచె క్రింద పెట్టును. ఇది మొదటి కీడు. కొంత చేయి తిరిగినవాడు తనకు ఆ వరము కలదని నమ్మి అభ్యాసమును మానివేయును. ఇది రెండవది. ఒకడు నిరాశచేతను, మరియొకడు గర్వముచేతను చెడిపోవుచున్నారు. ఇద్దరికిని మందు ఒక్కటే. గొప్ప చిత్రకారులు గీచి పారవేసిన చిత్తుబొమ్మలను వారికి చూపవలెను.

మనుష్యరూపములు గల పెద్ద చిత్రమును వేయబూనినవాడు సాధారణముగా మొదటనే రంగులు ముట్టడు. చిన్న కాగితము మీద బొగ్గుతోనో పెన్సిలుతోనో కొన్ని గీతలు గీయును. ఎవరు నిలువవలెను, ఎవరు కూర్చుండవలెను, వెలుగు ఏ ప్రక్కనుండి పడవలెను అను విషయములు మాత్రమే అందులో నుండును. ఇది కూర్పు. పిమ్మట ఒక్కొక్క మనిషిని వేరుగా తీసికొనును. ఎదుట ఒకరిని కూర్చుండబెట్టుకొని తల, మెడ, భుజము, చేతివ్రేళ్లు, బట్టల ముడుతలు వేరువేరుగా పరిశీలించి గీయును. తరువాత ఈ విడిబొమ్మలను మొదటి కూర్పులో నిలిపి చూచును. విడిగా అందముగా నున్న బొమ్మ పదిమంది నడుమ చేరినప్పుడు పొసగకపోవచ్చును. అప్పుడు దానిని త్రిప్పవలెను, వంచవలెను, ఒక్కొక్కప్పుడు జాలి లేకుండ తీసివేయవలెను. అన్నియు కుదిరిన పిమ్మట రంగుల చిత్తు. అటుపిమ్మటనే అసలు చిత్రము.

ఈ క్రమము ఏ ఒక్క దేశమునకో చెందినది కాదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు గుడ్డమీద కలము పెట్టుటకు ముందు చింతపుల్లల బొగ్గుతో రూపములను గీసికొందురు. నల్లరంగు గుడ్డను పట్టిన పిమ్మట దిద్దుబాటునకు వీలు లేదు. బొగ్గుగీత యైనచో దులిపివేయవచ్చును. తప్పునకు చోటున్న తావునందే తప్పులన్నియు చేసి ముగించుకొనుట చిత్తుబొమ్మ యొక్క మొదటి ప్రయోజనము.

దీనికి చక్కని నిదర్శనము ఇటలీ దేశపు చిత్రకారుడు రాఫేలు. ఇతడు 1509, 1511 సంవత్సరముల నడుమ రోములోని పోపు మందిరమున ఒక గోడమీద "ఏథెన్సు విద్యాపీఠము" అను ప్రసిద్ధ చిత్రమును వేసెను. ప్లేటో, అరిస్టాటిలు మొదలగు ప్రాచీన గ్రీకు తత్త్వవేత్తలు ఒక విశాలమైన మండపములో గుమిగూడి చర్చించుకొనుచున్నట్లు అందు చిత్రింపబడినది. ఇది తడిగచ్చుమీద వేయు చిత్రము. ఏనాటి పనికి ఆనాడు కొంతమేర మెత్తని సున్నపుగచ్చు పూసి, అది ఆరకముందే రంగు వేయవలెను. ఆరినచో రంగు గచ్చులో ఇంకదు. గోడముందు నిలిచి, "ఈ చేయి ఇటు నుండవలెనా, అటు నుండవలెనా?" అని ఆలోచించుటకు వ్యవధి యుండదు. కావున ఆలోచన యంతయు ముందుగానే కాగితముమీద జరిగిపోవలెను.

రాఫేలు అట్లే చేసెను. ఆ చిత్రములోని మనుష్యరూపములను గోడమీద ఎంత పరిమాణమున వేయదలచెనో అంత పరిమాణముననే, అనేకములైన కాగితపు తావులను అతికించి, బొగ్గుతో గీసికొనెను. సుమారు 8 మీటర్ల పొడవు గల ఆ బొమ్మ నేటికిని మిలాను నగరములోని ఆంబ్రోసియానా గ్రంథాలయమున భద్రముగా నున్నది. దానిమీది గీతల వెంబడి సూదితో పొడిచిన సన్నని రంధ్రములు వరుసగా కలవు. ఇట్టి రంధ్రములపై బొగ్గుపొడి మూటతో అద్దినచో క్రింద పరచిన తావు మీదనో గోడమీదనో ముగ్గుచుక్కలవలె చుక్కలు పడును. ఆ చుక్కలను కలిపినచో రూపము నిలుచును.

అయితే ఈ రెండింటిని పోల్చి చూచినవారికి ఒక వింత తోచును. గోడమీది చిత్రములో ముందుభాగమున ఒక మనిషి రాతిదిమ్మెపై మోచేయి ఆనించి, తల వంచి, ఒంటరిగా ఆలోచించుచు కూర్చుండియున్నాడు. అతనిని హెరాక్లిటసు అను తత్త్వవేత్తగా చెప్పుదురు. కాగితము మీద ఆ మనిషి లేడు! రాఫేలు అతనిని తరువాత చేర్చెను. ఇంత జాగ్రత్తతో సిద్ధము చేసికొన్నవాడును చివర మార్పు చేయుటకు వెనుదీయలేదు. ముందు సిద్ధపడుట యనగా మనస్సునకు సంకెల వేసికొనుట కాదు. సిద్ధపడినవాడే చివరి ఘడియలో ధైర్యముగా మార్పు చేయగలడు. సిద్ధపడనివాడు చేయునది మార్పు కాదు, తడబాటు.

చిత్తుబొమ్మకు ఇంతకంటె లోతైన ప్రయోజనము మరియొకటి కలదు. దానిని గ్రహించుటకు హాలెండు దేశపు చిత్రకారుడు విన్సెంటు వాన్ గో జీవితములోని ఒక ఘట్టము తోడ్పడును.

వాన్ గో 1853లో జన్మించెను. చిత్రకారుడు కావలెనని నిశ్చయించుకొనునాటికి అతనికి 27 ఏండ్లు. అంతకుముందు బొమ్మల దుకాణములో పనిచేసెను, ఉపాధ్యాయుడుగా నుండెను, బొగ్గుగనుల కార్మికుల నడుమ మతబోధ చేసెను. ఏదియు నిలువలేదు. 1883 చివర అతడు న్యూనెన్ అను పల్లెలో మతాచార్యుడుగా నున్న తండ్రి యింటికి చేరెను. ఆ పల్లెలో చేనేతవారును, బీదరైతులును ఉండిరి. వారిని చిత్రించుటయే తన పని యని అతడు భావించెను. కాని వెంటనే పెద్ద చిత్రమునకు పూనుకొనలేదు. అభ్యాసముకొరకు 50 తలలు వేయవలసియున్నదని తమ్ముడైన థియోకు ఉత్తరము వ్రాసెను.

1884-85 నాటి చలికాలమంతయు అతడు ఆ పనిలోనే గడపెను. కూలి కొరకు కూర్చుండిన రైతులను, రైతుస్త్రీలను ఒకరి తరువాత ఒకరిని చిత్రించెను. తెల్లకుళ్లాయి పెట్టుకొన్న ముసలమ్మ, మోటుటోపీ గల పనివాడు, కిటికీ వెలుగునకు అడ్డముగా నున్న ముఖము, దీపపు వెలుగున సగమే కనబడు ముఖము, ఇట్లు పదులకొలది తలలు తయారైనవి. చేతులను వేరుగా గీచెను. కణుపులు బలిసి, వ్రేళ్లు వంగి, మట్టిపనిచే మొద్దుబారిన చేతులు అవి.

1885 వసంతమున ఈ అభ్యాసము ఒక చిత్రముగా రూపొందసాగెను. ఒక రైతు కుటుంబమువారు రాత్రివేళ వ్రేలాడు దీపము క్రింద బల్లచుట్టును చేరి బంగాళదుంపలు తినుచున్న దృశ్యమది. అతడు మొదట వేసిన రంగుల చిత్తులో నలుగురు మనుష్యులు కలరు. రెండవదానిలో అయిదుగురైరి. పిమ్మట రెండవదానిని జ్ఞప్తిలో నుంచుకొని శిలాముద్రణకై రాతిమీద గీచెను. రాతిమీద గీచినది అచ్చులో కుడియెడమలు మారి వచ్చును గనుక ఆ ముద్రలో దృశ్యము తలక్రిందు కాకపోయినను తారుమారైనది. చిట్టచివరకు పెద్ద గుడ్డమీద అసలు చిత్రమును ప్రారంభించెను. ఆ చిత్రము వెడల్పు 114 సెంటీమీటర్లు, ఎత్తు 82 సెంటీమీటర్లు. దానిలో అధికభాగమును అతడు ఎదుట ఎవరిని కూర్చుండబెట్టుకొనకుండ, జ్ఞాపకము నుండియే వేసెను.

విద్యార్థులు గమనింపదగిన విషయ మిది. చలికాలమంతయు ఎదుట మనిషి లేనిదే గీత గీయనివాడు చివర మనిషి లేకుండ చిత్రించుటకు ఎట్లు సాహసించెను? ఆ ముఖములు అప్పటికి కాగితము నుండి అతని చేతిలోనికి ప్రవేశించినవి. ఎక్కము నేర్చుకొను బాలుడు మొదట వ్రేళ్లు లెక్కించును. వచ్చిన పిమ్మట వ్రేళ్ల వంక చూడడు. చిత్తుబొమ్మ కాగితముమీద మిగులు గుర్తు మాత్రమే కాదు. గీచినవానిలో మిగులు తెలివి కూడ. కాగితము పోయినను ఆ తెలివి పోదు.

ఈ చిత్రమునందు వాన్ గో చెప్పదలచినదేమో అతని ఉత్తరముల వలన తెలియుచున్నది. పళ్లెములో దుంపలకై చాచిన ఆ చేతులే భూమిని త్రవ్వినవని, వారు తినుచున్న తిండిని న్యాయముగా సంపాదించుకొన్నారని చూచువారికి తోపవలెనని అతని కోరిక. అందుకే ముఖములకు మొదట వేసిన రంగు నచ్చక, మట్టితో కూడిన తొక్కతీయని దుంప రంగు వచ్చునట్లు తిరిగి వేసెను. చేతులను అన్నినాళ్లు గీయకున్నచో ఈ భావము అతనికి తట్టియుండునా? భావము ముందు పుట్టి బొమ్మ తరువాత వచ్చునని పలువురు తలతురు. కాని పెక్కుమార్లు గీయుచుండగానే భావము పుట్టును. చేయి వెదకుచు పోవును. మనస్సు దానివెంట నడచును.

ఈ కథ ఇంతటితో ముగిసినచో అది వట్టి పొగడ్త యగును. వాన్ గో తన శిలాముద్రను స్నేహితుడైన వాన్ రాపార్డు అను చిత్రకారునికి పంపెను. రాపార్డు మెచ్చుకొనలేదు. ఒకని చేయి మరీ పొట్టిదైనదని, ముక్కు సగమే యున్నదని, ఒక స్త్రీ చేయి సహజముగా లేదని, కాఫీపాత్ర బల్లపై నిలిచినట్లును లేదు, చేతితో పట్టుకొన్నట్లును లేదని తీవ్రముగా విమర్శించెను. వాన్ గో కోపించి ఆ ఉత్తరమును త్రిప్పి పంపెను. ఆ స్నేహము తిరిగి మునుపటివలె కాలేదు.

ఇందులో ఎవరిది న్యాయము? రాపార్డు చూపిన తప్పులు కొన్ని నిజమైన తప్పులే. కొలత తప్పుటయే గొప్పతనమని ఎవరును భావింపరాదు. అట్లు భావించినచో ప్రతి వంకరబొమ్మయు కళాఖండమగును. కాని కొలతయే సర్వమని తలచుటయు తగదు. కొలత సరిపోయి ప్రాణము లేని బొమ్మలు లోకములో కొల్లలు. వాన్ గో కోపములో ఏమన్నను, ఆ పిమ్మట చేసిన పని అతని పెద్దతనమును వెల్లడించుచున్నది. 1885 వేసవిలో అతడు తిరిగి బొగ్గుముక్క పట్టుకొని పొలములలోనికి పోయెను. త్రవ్వువారిని, కోతకోయువారిని, పరిగె యేరువారిని నిలువెత్తున పెద్ద కాగితములమీద గీచెను. వంగిన నడుము బరువు ఎక్కడ పడునో, మోకాలు ఎట్లు మడుగునో పరిశీలించెను. పెద్ద చిత్రము ముగిసిన పిమ్మట తిరిగి చిత్తుబొమ్మలకు పోవుటకు అతడు సిగ్గుపడలేదు. మాటతో వాదించి, చేతితో దిద్దుకొనెను. రెండేండ్ల తరువాత తన చెల్లెలికి వ్రాసిన ఉత్తరమున, అంతవరకు తాను వేసినవానిలో ఆ దుంపలు తిను రైతుల చిత్రమే మేలైనదని చెప్పుకొనెను. ఆ చిత్రము నేడు ఆమ్‌స్టర్‌డాములోని వాన్ గో చిత్రశాలలో నున్నది.

ఇందుకు భిన్నముగా నడచిన మహాచిత్రకారుడు ఒకడు కలడు. అతడు మైకెలాంజిలో. 1508 మొదలు 1512 వరకు రోములోని సిస్టైను మందిరపు పైకప్పును చిత్రించి లోకప్రసిద్ధి నందినవాడు. ఆ పైకప్పుమీద లిబియా దేశపు ప్రవక్త్రి యొకతె పెద్ద గ్రంథమును రెండుచేతుల పట్టుకొని వెనుకకు తిరిగియున్నది. ఆ రూపమునకై అతడు ఎఱ్ఱసుద్దతో గీచిన కాగితమొకటి న్యూయార్కులోని మెట్రోపాలిటను ప్రదర్శనశాలలో కలదు. చిత్రములో స్త్రీ, కాగితములో ఎదుట నిలిచినవాడు పురుషుడు! వీపు కండరములు ఎట్లు మెలిపడునో చక్కగా చూచుకొని, ముఖమును మరల వేరుగా గీచెను. శరీరభారమంతయు మోయుచున్న కాలి బొటనవ్రేలిని తృప్తి కలుగువరకు మరల మరల గీచెను. నేలమీద నుండి తలయెత్తి చూచువానికి ఆ బొటనవ్రేలు ఎంత కనబడును? అయినను అతడు దానిని ఉపేక్షింపలేదు.

అట్టి కాగితములు మరెన్నియో ఉండవలసినది. కాని మైకెలాంజిలో 1564లో మరణించుటకు కొంత ముందు తన చిత్తుబొమ్మలను పెక్కింటిని కాల్చివేసెనని, తన శ్రమ లోకమునకు తెలియరాదనియు, తాను సంపూర్ణుడుగానే కనబడవలెననియు అతడు కోరెనని, అతని జీవితమును వ్రాసిన వసారి తెలిపియున్నాడు. అంతటివాని కార్యమును తప్పుపట్టుట సాహసమే. అయినను అది తప్పే. ఆ మంటలో కాలినవి కాగితములు మాత్రమే కావు. పిమ్మటి తరములవారికి కలుగవలసిన ధైర్యము కూడ కాలినది. గొప్పవాడు తన పాట్లను దాచినచో, చిన్నవాడు తనకు మాత్రమే పాట్లున్నవని క్రుంగిపోవును. ఒక్క బొటనవ్రేలికి మైకెలాంజిలో అంతటివాడు అన్నిమార్లు ప్రయత్నించెనని తెలిసిన బాలుడు తన కాగితమును చింపివేయడు, మరల గీయును.

ఇట్టి ధైర్యమునకై తెలుగు విద్యార్థులు దూరదేశములకు పోవలసిన పనిలేదు. రాజమహేంద్రవరములో దామెర్ల రామారావు పేరిట నున్న చిత్రశాలలో అతని చిత్రములతోపాటు చిత్తుబొమ్మలును భద్రపరుపబడియున్నవి. 1897లో జన్మించిన రామారావు అక్కడి కళాశాలాధ్యక్షుడైన కూల్డ్రే దొర ప్రోత్సాహమున బొంబాయి కళాశాలకు పోయి, మనుష్యదేహమును ఎదుట నుంచుకొని గీయుట శ్రద్ధగా అభ్యసించెను. 1925లో మశూచిచే మరణించునాటికి అతనికి 28 ఏండ్లయినను నిండలేదు. "సిద్ధార్థ రాగోదయము" వంటి చిత్రములలోని మెత్తని రేఖను చూచి ముగ్ధులగువారు ఆ చిత్తుబొమ్మలముందు కూడ కొంతసేపు నిలువవలెను. అంత చిన్నవయస్సున అంత నిండుదనము ఎట్లు వచ్చెనని అడుగువారికి ఆ కాగితములే సమాధానము.

"ఛాయాచిత్రము ఉండగా ఈ శ్రమ యెందుకు? నేడు యంత్రమునకు చెప్పినచో అది క్షణములో బొమ్మను చేసి యిచ్చుచున్నదే!" అని కొందరు ప్రశ్నింపవచ్చును. బొమ్మ మాత్రమే కావలసినవానికి అది చాలును. కాని యంత్రము బొమ్మను ఇచ్చును గాని చూపును ఇయ్యదు. ఒక ముసలివాని చేతిని గంటసేపు చూచి గీచినవానికి ఆ బొమ్మ బాగుగా రాకపోయినను, ఆ చేయి ఎంత పని చేసినదో తెలియును. అటుపిమ్మట వాడు ఏ ముసలివానిని చూచినను నిర్లక్ష్యముగా చూడలేడు. చిత్రకళ బడిలో నేర్పదగినదగుటకు ఇది యొక్కటియే చాలినంత కారణము. ప్రతి విద్యార్థియు చిత్రకారుడు కానక్కరలేదు; కాని ప్రతి విద్యార్థియు చూడ నేర్వవలెను.

కావున పాఠశాలలలో చిత్రప్రదర్శనములు జరుపునప్పుడు, బహుమానము పొందిన బొమ్మ ప్రక్కనే దాని చిత్తుబొమ్మలను కూడ తగిలించుట మంచిది. చూడవచ్చిన చిన్నతరగతి పిల్లలు మొదటి కాగితములోని వంకరముక్కును చూచి నవ్వుదురు. రెండవ కాగితములో అది కొంత సర్దుకొన్నట్లు గమనింతురు. మూడవదానిని చూచి, "ఇది మనమును చేయవచ్చును" అని తలంతురు. ఆ తలంపు కలిగించలేని ప్రదర్శనము కన్నులకు పండుగ మాత్రమే. గణితములో జవాబుతోపాటు లెక్క చేసిన విధమును చూపుమని అడుగు పాఠశాల, చిత్రలేఖనములో మాత్రము జవాబుతోనే ఏల తృప్తి చెందవలెను?

చెరిపివేసిన గీత వ్యర్థమైన గీత కాదు. సరియైన గీత ఎక్కడ నుండవలెనో చూపినది అదియే.